ముప్పై అడుగుల పాత సెయిల్‌బోటుకు ఎంత ఇవ్వొచ్చు?

అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ బే చుట్టుపక్కల ఏ మరీనాకు (పడవలు నిలిపే రేవుకు) వెళ్లినా కెటలీనా 30 అనే తెరచాప పడవ ఒకటైనా కంటపడుతుంది. ఫ్రాంక్ బట్లర్ కాలిఫోర్నియాలో స్థాపించిన కెటలీనా యాట్స్ సంస్థ 1970ల మధ్య నుంచి 2008 దాకా ఈ మోడల్‌ను 6 వేలకు పైగా తయారుచేసింది. ముప్పై అడుగుల పొడవు, 10 అడుగుల 10 అంగుళాల వెడల్పు, లోపల నిలబడి తిరిగేంత ఎత్తు, చిన్న వంటగది, టాయిలెట్, కింద ఒక చిన్న డీజిల్ ఇంజిన్. వారాంతాలకూ, నెలా రెండు నెలల తీరయాత్రలకూ బాగా సరిపోతుంది. ఇన్ని వేల పడవలు చేతులు మారుతున్నాయి కాబట్టి ఈపాటికి దీని ధర ఒక దారికి వచ్చి ఉండాలి. రాలేదు. ఒకే ఏడాది తయారైన రెండు కెటలీనా 30లు పక్కపక్క స్లిప్పుల్లో, అంటే పడవ కట్టేసే స్థలాల్లో, ఉంటాయి. ఒకదానికి 6 వేల డాలర్లు అడుగుతారు, రెండోదానికి 20 వేలు. ఒక్కోసారి ఆ రెండు ధరలూ న్యాయమైనవే.

కారణం ఒక్కటే. నలభై ఏళ్లు దాటిన పడవకు తయారీ సంవత్సరం ధర కట్టదు. దాని మీద ఇన్నాళ్లూ వాయిదా పడుతూ వచ్చిన పనులు కడతాయి. హల్ అనే ఫైబర్‌గ్లాస్ తొట్టి ఇంకో నలభై ఏళ్లయినా ఉంటుంది, కానీ మార్కెట్లో దాని ఒక్కదాని విలువ సున్నాకు దగ్గర. డబ్బంతా దానికి తగిలించిన వాటిలో ఉంది: ఇంజిన్, మాస్ట్‌ను (తెరచాపలు కట్టే స్తంభాన్ని) నిలబెట్టే తీగలు అంటే రిగ్గింగ్, తెరచాపలు, డెక్ (పడవ పైకప్పు) లోపలి చెక్క, గొట్టాలు, వాల్వులు, వైర్లు. వీటిలో ప్రతిదానికీ ఒక ఆయుష్షు ఉంది. ఎంత ఖర్చయిపోయింది, ఎంత మిగిలింది అన్నదే ధర.

ప్రకటనల్లో కనిపించే అంకెలు

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఈ బజారుకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. యాట్‌వరల్డ్‌లోనో, క్రెయిగ్స్‌లిస్ట్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పది ప్రకటనలు చూసి సగటు తీస్తే న్యాయమైన ధర వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అవి అమ్మేవాడి ఆశలు మాత్రమే. పైగా బాగున్న పడవను సరైన ధరకు పెడితే రెండు మూడు వారాల్లో అమ్ముడై జాబితాలోంచి మాయమవుతుంది. ఏడాదిగా అక్కడే ఉన్న పడవ అంటే, ఆ ధరకు బజారు ఇప్పటికే వద్దన్న పడవ. కాబట్టి ఏ రోజు చూసినా జాబితాలో ఎక్కువ భాగం కాదనిపించుకున్న ధరలే ఉంటాయి. వాటి సగటు తీస్తే వచ్చేది తిరస్కారాల సగటు.

నిజంగా ఎంతకు అమ్ముడైంది అన్న లెక్క బ్రోకర్ల దగ్గర ఉంటుంది. సోల్డ్‌బోట్స్ అనే డేటాబేస్ వాళ్లకు మాత్రమే తెరుచుకుంటుంది. కొనే ఉద్దేశం గట్టిగా ఉన్నవారు అడిగితే బ్రోకరు చూసి చెబుతాడు. అడిగేటప్పుడు నాలుగు హద్దులు పెట్టాలి: అదే మోడల్, తయారీ అటూ ఇటూ ఐదేళ్లు, గత 24 నెలల అమ్మకాలు, అదే తీరం. 2020, 2021లో కోవిడ్ వల్ల అందరూ పడవల మీద పడి ధరలు ఎగబాకాయి, తర్వాత దిగాయి. ఆ రెండేళ్ల అమ్మకాలను చూపించి బేరమాడే అమ్మకందార్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈ డేటాకూ ఒక లోటుంది. పది పదిహేను వేల లోపు పడవను చాలామంది బ్రోకర్లు చేపట్టరు. అమ్మేవాడు ఇచ్చే కమిషన్ మామూలుగా 10 శాతం, అంత చిన్న మొత్తం వాళ్లకు గిట్టుబాటు కాదు. అందువల్ల పాత కెటలీనా 30లు చాలావరకు మనిషికీ మనిషికీ మధ్యే అమ్ముడవుతాయి, ఆ ధరలు ఎక్కడా నమోదు కావు. బక్ వాల్యూ, జె.డి. పవర్ లాంటి ధరల పుస్తకాలు బ్యాంకులకూ బీమా కంపెనీలకూ ఉపయోగం. ఇంత పాత పడవకు అవి ఇచ్చే అంకె బేరం మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతకు మించి కాదు.

లెక్క ఎలా కట్టాలి

ముందుగా ఒక ఆధారపు పడవను మనసులో పెట్టుకోవాలి. అది సగటు పడవ కాకూడదు, మంచి స్థితిలో ఉన్న పడవ కావాలి. డెక్ పొడిగా ఉంది, ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్టవుతుంది, రిగ్గింగ్ ఆయుష్షు సగం మిగిలింది, తెరచాపలు ఇంకో నాలుగైదేళ్లు వస్తాయి, కొన్న మర్నాడే తాడు విప్పి బయల్దేరొచ్చు. అలాంటి 1985 నాటి కెటలీనా 30 ఆ ప్రాంతంలో 18 వేల డాలర్లకు అమ్ముడవుతోందని తేలిందనుకుందాం. ఇప్పుడు మన ముందున్న పడవకు 9,500 అడుగుతున్నారు. దాని మీద పెండింగ్ పనులు, పడవలు బాగుచేసే యార్డ్ అంచనాల ప్రకారం ఇవీ అనుకుందాం:

రిగ్గింగ్ తీగలు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు, కొత్తవి వేయడానికి 4,500. మెయిన్ సెయిల్, జెనోవా (ముందు తెరచాప) రెండూ సాగిపోయాయి, 4,500. చైన్‌ప్లేట్ల (తీగలను పడవకు బిగించే లోహపు పట్టీల) దగ్గర డెక్ మెత్తబడింది, 3,000. కీల్ (పడవ అడుగున ఉండే బరువైన రెక్క) అతుకు దగ్గర పగులు, దాంతోపాటు అడుగున రంగు, 2,000. మూడు సీకాక్‌లు (అడుగున నీటి రంధ్రాలను మూసే వాల్వులు) మార్చాలి, 1,200. బ్యాటరీలు, ఎగ్జాస్ట్ ఎల్బో (పొగ బయటికి వెళ్లే వంపు గొట్టం), గొట్టాలు కలిపి 1,300. మొత్తం 16,500.

పద్దెనిమిదిలోంచి పదహారున్నర తీసేస్తే 1,500 మిగులుతుంది. ఆ మాట అమ్మేవాడితో అంటే తలుపు మూస్తాడు, అతనిది తప్పని కూడా అనలేం. ఎందుకంటే ఆధారపు పడవలో ఉన్నవి కూడా కొత్త తీగలు, కొత్త తెరచాపలు కావు, సగం అరిగినవే. అరిగిపోయే వస్తువుల విషయంలో తేడా అంతా సగం ఆయుష్షే కాబట్టి రిగ్గింగ్‌కు 2,250, తెరచాపలకు 2,250 తగ్గించాలి. మెత్తబడిన డెక్, పగిలిన కీల్ అతుకు, చెడిన వాల్వు అరుగుదల కిందికి రావు. అవి లోపాలు, ఆధారపు పడవలో లేనే లేవు. వాటి ఖర్చు, అంటే 7,500, పూర్తిగా తగ్గించాలి. మొత్తం తగ్గింపు 12,000. న్యాయమైన ధర 6,000.

అరుగుదలనూ లోపాన్నీ ఇలా విడదీయకపోతే బేరంలో రెండు వైపులా మొండిపట్టు తప్పదు. విడదీస్తే మాట్లాడుకోవడానికి ఒక కాగితం ఉంటుంది.

లెక్క అక్కడితో ఆగదు. 6,000కు కొని 16,500 పెడితే మొత్తం 22,500 అవుతుంది. చేతిలో కొత్త రిగ్గింగ్, కొత్త తెరచాపలు ఉన్న మంచి పడవ ఉంటుంది. కాగితం మీద దాని విలువ కూడా అంతే. కానీ రేపు అమ్మబోతే కొత్త తెరచాపలకు పెట్టిన డబ్బు మొత్తాన్ని బజారు తిరిగివ్వదు, 20 వేలు వస్తే గొప్ప. ఆ తేడాకు తోడు, పడవ యార్డులో పడి ఉన్న ఒక వేసవి కాలం పోతుంది. అందుకే పని మిగిలిన పడవను లెక్క తేల్చిన ధర కంటే ఇంకో పదిహేను ఇరవై శాతం కింద అడగడం అత్యాశ కాదు. పనులన్నీ సొంత చేతులతో చేసుకోగలిగినవారి పరిస్థితి వేరు. యార్డులో కూలీ గంటకు 100 డాలర్లు దాటుతుంది కాబట్టి, డెక్ పనిలో సామాన్ల ఖర్చు కొద్దిగానే, మిగతాదంతా కూలీ. ఆ మేరకు వాళ్లకు ఇదే పడవ నిజంగానే చౌక. అయితే ఆ లాభం కొనేవాడి శ్రమ ఫలం. దాన్ని ధరలో కలిపి అమ్మేవాడికి అప్పజెప్పనక్కర్లేదు.

డబ్బు దాక్కునే చోట్లు

మెరిసే గెల్‌కోట్ (ఫైబర్‌గ్లాస్ పై పూత), కొత్త కుషన్లు, వార్నిష్ వేసిన టేకు, పైన పటారం లోన లొటారం అన్నట్టుండే పడవలు ఈ వర్గంలో చాలా ఉన్నాయి. చూడాల్సిన చోట్లు వేరు.

డెక్ పలుచటి రెండు ఫైబర్‌గ్లాస్ పొరలు, వాటి మధ్య చెక్క. మోడల్‌ను బట్టి అది బాల్సా కావచ్చు, ప్లైవుడ్ కావచ్చు. పైన బిగించిన ప్రతి బోల్టూ నీళ్లు దిగడానికి దారే. రెయిలింగ్ స్తంభాల అడుగున, చైన్‌ప్లేట్ల చుట్టూ, మాస్ట్ కింద సీలెంట్ ఎండిపోతే వాననీరు చెక్కలోకి చేరి ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో అంగుళం అంగుళం కొడుతూ పోతే తెలిసిపోతుంది, కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూసినట్టే. గట్టిచోట టక్కుమంటుంది, కుళ్లినచోట మూగశబ్దం వస్తుంది. మెత్తబడిన చోట సుద్దముక్కతో గీత గీస్తూ వెళ్లాలి. చివర్లో ఆ గీతల వైశాల్యమే ఖర్చు. అరచేతంత అయితే పైనుంచి కొన్ని రంధ్రాలు వేసి, ఆరబెట్టి, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు నింపి సరిపెట్టవచ్చు. చాపంత అయితే పై పొర కోసి తీసి, తడి చెక్క తవ్వి, కొత్తది పరిచి, మళ్లీ గ్లాస్ వేయాలి. రంధ్రాల్లో ఎపాక్సీ ఎక్కించి "డెక్ రిపేర్ చేయించాం" అని చెప్పే పడవల్లో చాలాసార్లు తడిని లోపలే మూసి పెట్టి ఉంటారు.

కెటలీనా 30లో మాస్ట్ డెక్ మీద నిలబడుతుంది. దాని బరువు లోపలి కంప్రెషన్ పోస్టు ద్వారా అడుక్కు దిగుతుంది. ఆ పోస్టు కింద ఒక చెక్క దిమ్మె ఉన్న పడవల్లో అది నీళ్లలో నాని చివికితే మాస్ట్ కింద డెక్ మెల్లగా కుంగుతుంది. గుర్తులు పైనే ఉంటాయి: మాస్ట్ చుట్టూ నీళ్లు నిలవడం, టాయిలెట్ తలుపు బిగుసుకుపోవడం, తీగల్ని ఎంత బిగించినా మళ్లీ వదులవడం. బిల్జ్ (పడవ లోపలి అట్టడుగు గుంట) మూత ఎత్తి టార్చి వేసి ఆ దిమ్మెలో సన్నటి మేకు గుచ్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. మెత్తగా దిగిందంటే మాస్ట్ దించి చేయాల్సిన పని ఎదురుచూస్తోందని అర్థం.

కీల్ విషయంలో ఈ మోడల్‌కు పేరుపడ్డ జబ్బు ఒకటుంది. దాన్ని అక్కడివాళ్లు కెటలీనా స్మైల్ అంటారు. హల్ కిందికి ఫైబర్‌గ్లాస్ పిలక ఒకటి వస్తుంది, దానికి సీసపు కీల్‌ను బోల్టులతో బిగిస్తారు. ఆ అతుకు ముందు భాగంలో నవ్వినట్టు వంపుగా పగులు తేలుతుంది. సాధారణంగా అది ఎండిన సీలెంట్, వదులైన బోల్టుల సంగతే. పగులు గీకి నింపి బోల్టుల్ని బిగిస్తే ఏళ్ల తరబడి ఇబ్బంది ఉండదు. పాత హల్లుల్లో ఆ పిలక లోపల ప్లైవుడ్ ఉంది. నీళ్లు దిగి అది కుంగితే బోల్టులు ఎంత బిగించినా నిలవవు, అప్పుడు ఖర్చు తడిసి మోపెడవుతుంది. తేడా తెలుసుకోవాలంటే లోపల బిల్జ్‌లో బోల్టుల తలలు చూడాలి. వాటి చుట్టూ తుప్పు చారలు, వాషర్లు ఫైబర్‌గ్లాస్‌లోకి దిగబడిన గుంటలు ఉంటే అది స్మైల్ దశ దాటిందని లెక్క.

పడవ ఎప్పుడైనా గట్టిగా నేలకు కొట్టుకుందా అన్నది వేరే ప్రశ్న. దాని జవాబుకు ధరలో తగ్గింపు అనే పరిష్కారం లేదు. 2014 మే నెలలో చీకీ రఫీకీ అనే బెనెటో ఫస్ట్ 40.7 పడవ ఆంటిగువా నుంచి బ్రిటన్‌కు తిరిగి వస్తూ అట్లాంటిక్ నడుమ కీల్ ఊడిపోయి తిరగబడింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. బ్రిటిష్ ప్రమాద పరిశోధన సంస్థ మెయిబ్ తన నివేదికలో, గతంలో నేలకు తగిలిన దెబ్బలూ తర్వాతి మరమ్మతులూ కీల్ దగ్గరి నిర్మాణాన్ని బలహీనపరచి ఉండవచ్చని చెప్పింది. నిర్మాణం వేరైనా పాఠం ఏ పడవకైనా వర్తిస్తుంది: కీల్ వెనక అంచు దగ్గర హల్ లోపలి వైపు కొత్త పగుళ్లు, ఊడిన అతుకులు ఉంటే, నిర్మాణ మరమ్మతుకు రాతపూర్వక అంచనా చేతికి రాకుండా ఏ ధరా మాట్లాడకూడదు.

అడుగున నీటిబుడగల్లాంటి పొక్కులు చూసి బెంబేలెత్తేవాళ్లు ఎక్కువ. 1970, 80ల పాలిస్టర్ హల్లుల్లో ఇవి మామూలే. పదీ ఇరవై పొక్కులు పడవను ముంచవు, ధరను మాత్రం కాస్త దించుతాయి. చూపుకు ఇవే ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి బేరంలో వీటికి దక్కే బరువు అసలు ప్రమాదం కంటే ఎక్కువ. కొనేవాడికి ఇది కలిసొచ్చే విషయం.

ఇంజిన్

ధరను ఒక్క దెబ్బకు తలకిందులు చేసేది ఇదే. ముప్పై అడుగుల పడవలో కొత్త డీజిల్ బిగించాలంటే కూలీతో కలిపి 12 వేల నుంచి 20 వేల డాలర్లు అవుతుంది, అంటే పడవ ధర కంటే ఎక్కువ. ఇంజిన్ చచ్చిన కెటలీనా 30 విలువ ఒకటి రెండు వేలకు పడిపోతుందంటే అందుకే.

ఏ ఇంజిన్ ఉందన్నదే మొదటి ప్రశ్న. తొలి పడవల్లో అటామిక్ 4 పెట్రోల్ ఇంజిన్ వచ్చేది. నమ్మకమైనదే, విడిభాగాలూ దొరుకుతాయి. కానీ మూసిన గదిలో పెట్రోల్ ఆవిరి అంటే కొనేవాళ్లు భయపడతారు, బీమావాళ్లూ ముఖం చిట్లిస్తారు, అందుకే అదే స్థితిలో ఉన్న డీజిల్ పడవ కంటే ధర తక్కువ పలుకుతుంది. తర్వాత వచ్చిన యూనివర్సల్ 5411 రెండు సిలిండర్లది, 11 హార్స్‌పవర్. పది వేల పౌండ్ల పైచిలుకు బరువున్న పడవను ఎదురు ప్రవాహంలో లాగడానికి అది ఆపసోపాలు పడుతుంది. మూడు సిలిండర్ల ఎం-25, దాని 23 హార్స్‌పవర్ తమ్ముడు ఎం-25 ఎక్స్‌పీ ఉన్న పడవలకు గిరాకీ. ఇవి కుబోటా ట్రాక్టర్ ఇంజిన్ల బ్లాకు మీద కట్టినవి, మొండి ఇంజిన్లు.

ఎం-25లో రెండు లోపాలు ఇంజిన్‌వి కావు, దాని చుట్టూ ఉన్నవాటివి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ను పట్టి ఉంచే పాత బ్రాకెట్ బలహీనం. అది అదిరి అదిరి ఇంజిన్ ముందు కవర్‌ను పగలగొడితే ఆయిల్ అంతా బిల్జ్‌లోకి పోతుంది. మార్చిన బ్రాకెట్ ఉందో లేదో కంటితో చూస్తే తెలుస్తుంది. రెండోది, ఇంజిన్ నుంచి ప్యానెల్‌కు వెళ్లే వైర్ల మధ్య ఉన్న ప్లాస్టిక్ ప్లగ్గులు. వయసు మీదపడ్డాక అవి వేడెక్కి కరుగుతాయి. రెండూ కొద్ది డబ్బుతో అయ్యే పనులే. ఇవి చేసి ఉన్నాయంటే, ఆ యజమాని తన పడవ గురించి చదివి, పట్టించుకున్నవాడని కూడా అర్థం. ఒకరకంగా మొత్తం పడవకు ఇది మంచి సూచిక.

గంటల మీటరు చూసి మురిసిపోకూడదు. ఏడాదికి 100 గంటల చొప్పున తిరిగితే ఇరవై ఏళ్లలో 2,000 గంటలు అవుతాయి, డీజిల్‌కు అది పెద్ద వయసు కాదు. ఇరవై ఏళ్లలో 300 గంటలే తిరిగిన ఇంజిన్ అంటే లోపల తుప్పు పట్టడానికి కావలసినంత తీరిక దొరికిందన్నమాట. ముందుగా ఫోన్ చేసి, తాము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పాలి. రాగానే బ్లాకు మీద చెయ్యి పెట్టాలి. వెచ్చగా ఉందంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడం కష్టమని అమ్మేవాడికి తెలుసన్నమాట. స్టార్టయ్యాక వెనక గొట్టంలోంచి నీళ్లు పుష్కలంగా పడాలి. నీలి పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. ఆగని తెల్ల పొగ కంప్రెషన్ తగ్గిందనో, ఇంజెక్టర్లు చెడ్డాయనో, నీరు లోపలికి చేరుతోందనో. పూర్తి థ్రాటిల్‌లో నల్ల పొగ వస్తే లోడు ఎక్కువైందని అర్థం. అది పాచి పట్టిన ప్రొపెల్లర్ కావచ్చు, మసి పేరుకున్న ఎగ్జాస్ట్ ఎల్బో కావచ్చు. బేలోకి తీసుకెళ్లి పది పదిహేను నిమిషాలు పూర్తి వేగంతో నడపాలి. నిర్దేశిత ఆర్‌పీఎం అందుకోవాలి, ఉష్ణోగ్రత ముల్లు కదలకూడదు. మెల్లగా నడిపి చూపిస్తే ఏ లోపమూ బయటపడదు.

తీగలు, తెరచాపలు, వాల్వులు

స్టెయిన్‌లెస్ తీగల ఆయుష్షు ఉప్పునీటిలో పది నుంచి పదిహేనేళ్లు. అంతకంటే పాతవైతే చాలా బీమా కంపెనీలు మార్చమంటాయి. బిల్లు చూపించకపోతే పాతవే అనుకోవాలి. తెగిన సన్నటి పోగు ఒకటి బయటికి వచ్చిందంటే ఆ తీగ పని అయిపోయినట్టే. చివరి ఫిట్టింగుల మీద నిలువు పగుళ్లు భూతద్దంతో చూడాలి. చైన్‌ప్లేట్లు డెక్‌లోంచి దిగే చోట, కంటికి కనిపించని అంగుళం మేరలో, గాలి తగలని తడిలో స్టెయిన్‌లెస్ స్టీలు కూడా తినేసుకుపోతుంది. ఒకదాన్నైనా ఊడదీసి చూపించమని అడగాలి.

తెరచాపను విప్పి పరిచి చూడాలి, చుట్టి ఉన్నదాని మీద అభిప్రాయం చెప్పడం వృథా. కుట్టు దారం గోరుతో గీస్తే తెగుతుంటే గుడ్డ బాగున్నా మళ్లీ కుట్టించాలి. గుడ్డే చీరలా మెత్తబడితే గాలిలో ఆకారం నిలవదు.

పాత కెటలీనాల్లో అడుగున సీకాక్‌లకు బదులు ఇత్తడి గేట్ వాల్వులు ఉండేవి. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును లాగేశాక లోహం గులాబీరంగుకు తిరిగి పెళుసవుతుంది. పిడి తిప్పుతుంటే చేతిలోకి ఊడొచ్చే వాల్వు పడవ మునిగిపోవడానికి దగ్గరి దారి. ఇవి మార్చడానికి పడవను ఒడ్డుకెక్కించాలి కాబట్టి, సర్వే (కొనేముందు నిపుణుడి తనిఖీ) కోసం ఎత్తినప్పుడే అంచనా వేయించాలి. రేవు కరెంటు వచ్చే 30 ఆంపియర్ల సాకెట్టు మాడి ఉంటే వైరింగ్ మొత్తం మీద అనుమానం పెంచుకోవాలి.

ధర పెంచనివి

"ఈ పడవ మీద నేను 40 వేలు పెట్టాను" అన్న మాట ప్రతి బేరంలోనూ వినిపిస్తుంది. అతను పెట్టింది తన ఆనందానికి. పదేళ్లు దాటిన చార్ట్‌ప్లాటర్ (దారి చూపే తెర), రాడార్, ఆటోపైలట్ పని చేస్తే మంచిదే కానీ ధరలో వందల కంటే ఎక్కువ రావు. వాటి ప్లగ్గులూ సాఫ్ట్‌వేరూ ఎప్పుడో పాతబడ్డాయి. సముద్రాలు దాటే సామగ్రి అంతా ఎక్కించిన కెటలీనా 30కి ఎక్కువ అడుగుతుంటారు. బే లోపల తిరిగే కొనుగోలుదారుకు వాటర్‌మేకర్‌తో (ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రంతో) పని లేదు, సముద్రం దాటాలనుకునేవాడు ఈ పడవను ఎంచుకోడు. అలాంటి అదనాలకు పెద్దగా గిరాకీ లేదంటే అందుకే. నిజంగా విలువ పెంచేవి, బిల్లులతో సహా ఉంటే, మూడే: ఇటీవలి ఇంజిన్, ఇటీవలి రిగ్గింగ్, ఇటీవలి తెరచాపలు. వీటికీ పెట్టినదాంట్లో సగం దాకా తిరిగొస్తే చాలా బాగా వచ్చినట్టు.

ఉచితంగా ఇస్తామనే పడవల సంగతీ ఇక్కడే. చెసపీక్ చుట్టూ ముప్పై అడుగుల పడవకు స్లిప్పు అద్దె ఏడాదికి కొన్ని వేల డాలర్లు. ఫైబర్‌గ్లాస్‌ను కరిగించి మళ్లీ వాడుకునే దారి పెద్దగా లేదు, పడవను ముక్కలు చేసి పారేయించడానికీ వేలల్లో ఖర్చు. ఆ రెండు ఖర్చులూ తప్పించుకోవడమే ఉచిత ప్రకటన వెనక లెక్క. అలాంటి పడవ విలువ సున్నా కంటే కిందే ఉండవచ్చు, పుచ్చుకునేవాడికే కొంత డబ్బిచ్చి అంటగట్టిన సందర్భాలు మరీనాల్లో వింత కాదు.

ఎక్కడ, ఎప్పుడు

చెసపీక్ లోతు తక్కువ. అందుకే అక్కడ 5 అడుగుల 3 అంగుళాలు లోతు దిగే మామూలు కీల్ కంటే తక్కువ లోతు కీల్ ఉన్న పడవకు కాస్త ఎక్కువ పలుకుతుంది. లోతైన తీరాల్లో అదే కీల్‌కు ఆ ఆదరణ లేదు, అది గాలికి ఎదురు నడవడంలో వెనకబడుతుంది కాబట్టి. వేరే తీరపు ధరను ఇక్కడికి తేకూడదు, లారీ మీద తెప్పించడానికయ్యే ఖర్చు చిన్న పడవ ధరలో పెద్ద ముక్క.

ఏప్రిల్‌లో అందరూ కొనాలనుకుంటారు. అక్టోబర్ చివర అన్నాపొలిస్ సెయిల్‌బోట్ షో అయిపోయాక, అమ్మేవాడి ముందు చలికాలపు బిల్లు ఉంటుంది: పడవను ఎత్తించడం, స్టాండ్ల మీద నిలపడం, ఇంజిన్‌లో యాంటీఫ్రీజ్ ఎక్కించడం. అప్పుడు వచ్చిన 6,000 ఆఫర్ ఏప్రిల్‌లో వచ్చిన 7,000 కంటే తియ్యగా వినిపిస్తుంది. కానీ ఒడ్డున ఉన్న పడవకు నీళ్లలో పరీక్ష కుదరదు, గడ్డకట్టిన నీరు బ్లాకును పగలగొట్టిందో లేదో వసంతం దాకా తెలియదు. అందువల్ల చలికాలపు ఒప్పందాల్లో ధరలో కొంత భాగాన్ని మూడో మనిషి దగ్గర ఉంచి, వసంతంలో ఇంజిన్ నడిచాకే విడుదల చేసేలా రాసుకోవాలి.

సర్వే, సంతకాలు

సొంతంగా రెండు మూడు గంటలు చూసి నచ్చితే, సర్వేకూ సీ ట్రయల్‌కూ (నీళ్లలో నడిపి చూడటానికి) లోబడి అని రాసి, మామూలుగా 10 శాతం అడ్వాన్సుతో ఆఫర్ ఇస్తారు. సర్వేయర్‌ను కొనేవాడే, బ్రోకరు సిఫార్సు లేకుండా, శామ్స్ లేదా నామ్స్ అనే సర్వేయర్ల సంఘాల సభ్యుల్లోంచి వెతుక్కోవాలి. అడుగుకు 20 నుంచి 30 డాలర్ల లెక్కన ఫీజు, పడవ ఎత్తించే ఖర్చు అదనం, రెండూ కొనేవాడివే. 6 వేల పడవకు వెయ్యి డాలర్ల సర్వే దండగనిపిస్తుంది. ఎలాగూ ఇంత పాత పడవకు సర్వే లేనిదే బీమా రాదు, బీమా లేనిదే చాలా మరీనాలు స్లిప్పు ఇవ్వవు. నివేదిక చివర సర్వేయర్ రాసే మార్కెట్ విలువ మీద పెద్దగా ఆధారపడకూడదు. అది చాలాసార్లు ఇద్దరూ ఒప్పుకున్న ధర దగ్గరే తేలుతుంది. అసలు విలువ లోపాల జాబితాలో ఉంది. అందులో ముందే తెలిసి ధరలో కలిపినవి తీసేసి, కొత్తగా బయటపడ్డవాటికి యార్డ్ అంచనా తెప్పించి, ఆ అంచనాలతోనే రెండోసారి బేరానికి కూర్చోవాలి. తెలిసినవాటికే మళ్లీ తగ్గించమంటే ఒప్పందం చెడుతుంది, చెడాల్సిందే.

చివరగా కాగితాలు. కోస్ట్‌గార్డ్ దగ్గర డాక్యుమెంట్ చేసిన (నమోదైన) పడవైతే అబ్‌స్ట్రాక్ట్ ఆఫ్ టైటిల్ అనే యాజమాన్య చరిత్ర పత్రం తెప్పిస్తే పాత యజమానులూ, నమోదైన అప్పులూ బయటికొస్తాయి. లేకపోతే రాష్ట్రం ఇచ్చిన టైటిల్ చూడాలి. వెనక భాగంలో చెక్కిన 12 అక్షరాల హల్ నంబరు కాగితంలోని నంబరుతో అక్షరం అక్షరం సరిపోవాలి. మరీనా బాకీ ఏమీ లేదని ఆఫీసు నుంచి రాయించుకోవాలి, అద్దె బకాయి ఉంటే అది మనిషి వెంట కాకుండా పడవ వెంట వస్తుంది. మేరీలాండ్‌లో రిజిస్టర్ చేస్తే ధర మీద 5 శాతం పన్ను అదనం. అమ్మకం పత్రంలో తెరచాపలు, డింగీ (ఒడ్డుకు చేరే చిన్న పడవ), ఔట్‌బోర్డ్ మోటారు, యాంకర్లు ఒక్కొక్కటీ పేరు పేరునా రాయించాలి. సంతకం రోజున లాకర్లోంచి మాయమయ్యేవి సరిగ్గా ఇవే.